మాత్ర చెప్పిన మాట

వీధిలో అందరూ ఆమెను మిషనక్క అంటారు. భర్త పోయాక ఆ ఇంట్లో చప్పుడు చేసేది కుట్టుమిషను ఒక్కటే. ఆమె నిద్ర చెడుతుందేమోనని పాలవాడు తలుపు కొట్టకుండా ప్యాకెట్ కిటికీలో పెట్టిపోయేవాడు. "వాడి కడుపు చల్లగుండాలి" అని ఆమె దేవుడికి దణ్ణం పెట్టుకునేది.

డాక్టరు నిద్రమాత్ర రాస్తూ, "వేసుకోగానే పడుకోవాలమ్మా" అన్నాడు. ఆ మాట ఆమె పెడచెవిన పెట్టింది. మాత్ర మింగి, కునుకు వచ్చేదాకా అంటూ మిషను ముందు కూర్చునేది.

ఆ పొద్దున బల్లమీద కుట్టిన జాకెట్టు కనబడింది. రెండు చేతులూ ఎడమవైపువే! ఎప్పుడు కుట్టిందో, ఎంత తల గోక్కున్నా గుర్తు రాలేదు. అంతలో తలుపు చప్పుడైంది. ఎదురుగా సంచితో చెల్లెలు. అమ్మ మంచాన పడ్డప్పుడు చూడ్డానికి రాలేదని మిషనక్క మాటలు మానేసిన చెల్లెలు.

"ఎందుకొచ్చావే?"

"అదేంటక్కా! రాత్రి నువ్వే ఫోన్ చేసి రమ్మన్నావుగా. ఎంత నవ్వావో! మొదటి బస్సుకే వచ్చేశా."

మిషనక్క ఫోన్ తీసి చూసుకుంది. నిజమే, చేసినట్టే ఉంది. అవునని తలూపేస్తే పోయేది. కానీ గోడమీది దేవుడి పటం ముందు అబద్ధానికి నోరు రాలేదు. జాకెట్టు చెల్లెలి చేతికిచ్చింది.

"ఇదీ నేనే కుట్టాను, గుర్తు లేదు. నీతో మాట్లాడిందీ గుర్తు లేదే. మాత్ర మత్తులో ఉన్నాను."

చెల్లెలు ఆ జాకెట్టు చేతుల్ని తిరగేసి చూసింది. "అయితే నన్ను క్షమించింది ఆ మాత్రన్నమాట! దానికే ఓ దణ్ణం పెట్టి పోతాలే," అని సంచి ఎత్తింది.

"ఆగు. ఏమన్నానో చెప్పు."

"'అమ్మ సంగతి వదిలెయ్యవే, ఒక్కదాన్నే ఉండలేకపోతున్నా' అన్నావు."

మిషనక్క ఎవరో పొరుగామె కష్టం విన్నట్టు విన్నది. మొదటి మాట తనది కాదు; మత్తులో నొప్పి తెలియక అనేసింది. రెండోది మాత్రం తనదే. మెలకువలో ఎవరితోనూ అనలేదు.

"అమ్మ సంగతి వదల్లేదే. ఇంకా మండుతోంది."

"మరి ఉండనా, పోనా?"

"ఉండు... జాకెట్టుకి ఆ రెండో చెయ్యి విప్పిపెట్టు. నా కంటికి దారం ఆనడం లేదు."

చెల్లెలు సంచి దించి, సూదిమొనతో ఒక్కో కుట్టూ విప్పసాగింది. మిషనక్క మిగిలిన గుడ్డ పరిచి, కుడిచేతికి కొలత గీసుకుంది.