పరీక్షకు పెట్టిన గుండె

నా గుండె చప్పుడు విని డాక్టర్లయినవాళ్ళు ఈ రెండు గోదావరి జిల్లాల్లో ఎంతమంది ఉన్నారో లెక్క చెప్పలేను. ఉన్నారని మాత్రం గట్టిగా చెప్పగలను. నాకు సంతకం పెట్టడం ఒక్కటే వచ్చు. నేను చెబుతుంటే ఇది వేరేవాళ్ళు రాస్తున్నారు. అయినా మా పెద్దాసుపత్రిలో పాఠం చెప్పినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

మాది నిడదవోలు పక్క పల్లె. రైస్ మిల్లులో చెరిగే పనికి వెళ్ళేదాన్ని. ముప్పయ్యేళ్ళు నిండకముందే నాలుగు చేటలు చెరిగితే ఆయాసం వచ్చేది. మా ఆయన పాసింజరు బండెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చిన గుర్తుగా గుండెలో ఒక వాల్వు మూసుకుపోతోందన్నారు. మాత్రలిచ్చి, ఇరవై ఒక్క రోజులకోసారి వచ్చి సూది వేయించుకోమన్నారు. నాలుగేళ్ళకు మా ఆయన పోయాడు. సూది మాత్రం నేను మానలేదు.

మా అత్తగారి చిన్నతనంలో ఆ ఆసుపత్రిలో నాలుగు పెంకుటి వార్డులే ఉండేవట. పక్కన డాక్టర్ల కాలేజీ వచ్చాక మేడలు లేచాయి, మంచాలు చాలక రోగులు వరండాల్లోకి వచ్చారు. తుని నుంచి కోనసీమ దాకా, ఎక్కడ చేతులెత్తేసిన కేసయినా చివరికి అక్కడికే చేరేది. అక్కడ కుర్ర డాక్టర్లు మన ఒంటి మీద నేర్చుకుంటారని జనం మూతి విరిచేవారు. నేర్చుకుంటారు. ఎవరో ఒకరి ఒంటి మీదే కదా నేర్చుకోవాలి. ప్రైవేటు ఆసుపత్రిలో ఒక డాక్టరు ఒక్క నిమిషం చూస్తాడు. నా మంచం చుట్టూ ఏడుగురు నిలబడి, ఏడుగురూ వినేవారు. అంతమంది విన్న గుండెలో తప్పు దాగదని నా నమ్మకం.

ఆఖరి సంవత్సరం పిల్లలకు ప్రాక్టికల్స్ వచ్చాయంటే నాకు కార్డు వచ్చేది. ఒక్కో రోగి మంచం దగ్గర ఒక్కో విద్యార్థిని గంటసేపు వదిలేస్తారు. ప్రశ్నలడిగి, ఒళ్ళు చూసి, జబ్బేంటో తేల్చి, పరీక్ష పెట్టే పెద్ద డాక్టర్లకు చెప్పాలి. అందుకే చప్పుడు బాగా వినిపించే పాత రోగులను పిలిపిస్తారు. నన్ను మంచి కేసు అనేవారు. వాళ్ళు అడిగేవన్నీ నాకు వరసగా వచ్చు. ఎక్కడా తడబడకూడదని జవాబులు బట్టీ పట్టాను కూడా. జబ్బు పేరు మాత్రం రోగి చెప్పకూడదు, అది రూలు.

“నోరు విప్పావంటే వచ్చేసారి పిలవను” అనేది హెడ్ నర్సు.

“ఆయ్, విప్పనండి” అనేదాన్ని. విప్పేదాన్ని. పిల్లల మొహాలు చూస్తే ఆగలేకపోయేదాన్ని.

తొంభైల చివర్లో ఒకసారి నా మంచానికి ఒక సన్నపాటి అమ్మాయిని వేశారు. ఆ పిల్ల రాకముందే హెడ్ నర్సు నాతో అంది, “రెండుసార్లు తప్పిందే పాపం. ఈసారి కూడా పోతే చదువు మానేసి ఇంటికి పోతానని హాస్టల్లో పెట్టె సర్దుకుని మరీ వచ్చిందట.”

ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంటే వేళ్ళు ఐసుముక్కల్లా ఉన్నాయి.

“డాక్టరమ్మగారూ, ఏమన్నా తిన్నారా?” అన్నాను.

“లేదండి.”

“ఖాళీ కడుపుతో ఏం వినిపిస్తుందండి? ఇలా వంగండి.” చెవిలో చెప్పేశాను. “మైట్రల్ వాల్వు మూసుకుపోయింది. నన్ను ఎడమపక్కకి తిప్పి రొమ్ము కింద స్టెతు పెట్టండి, గురగురమంటుంది. అంతే, ఇంకేం లేదు.”

“మీరలా చెప్పకూడదండి.”

“చెప్పకపోతే మీరు పెట్టె పట్టుకుని పోతారు.”

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. నన్ను ఎడమపక్కకు తిప్పి విన్నది. తల ఊపింది. పని అయిపోయిందనుకుని నేను పైట సర్దుకుంటుంటే, “ఒకసారి లేచి కూర్చోండమ్మా” అంది.

“ఎందుకండీ? అక్కడేం ఉండదు.”

“ముందుకి వంగండి. ఊపిరంతా వదిలేసి ఆపండి.”

మునుపు కొందరు అలా చేయించి, ఏమీ లేదని వదిలేసినవాళ్ళే. ఈ పిల్ల వదలలేదు. మూడుసార్లు కూర్చోబెట్టి వంచింది. నాకు ఊపిరి ఆపడం కష్టమైంది.

“పుస్తకంలో ఉన్నవన్నీ నా మీదే చేసేస్తారా ఏంటి? టైమైపోతోంది, రాసుకోండి” అని కసిరాను.

అంతలో ఇద్దరు ఎగ్జామినర్లు వచ్చారు. ఒకరు మా ప్రొఫెసరుగారే, నన్ను పదేళ్ళుగా చూస్తున్నాయన. రెండో ఆయన బయట కాలేజీ నుంచి వచ్చారు.

ఆ అమ్మాయి నేను చెప్పిన వాల్వు పేరు సరిగ్గా చెప్పింది. ప్రొఫెసరుగారు తలూపారు. నేను లోపల దండం పెట్టుకున్నాను. అప్పుడు ఆ పిల్ల, “అయోర్టిక్ వాల్వు కూడా కారుతోందండి” అంది.

బయటి ఆయన కేస్ షీటు తిరగేశారు. “ఇందులో లేదే. ఎక్కడి నుంచి తెచ్చావు?”

“వినిపించిందండి.”

“నీ ఒక్కదానికేనా?”

ప్రొఫెసరుగారు నవ్వారు. “ఈ గుండె నాకు కొత్త కాదమ్మా. మళ్ళీ ఆలోచించుకుని చెప్పు. ఒక వాల్వా, రెండా?”

తప్పించుకోవడానికి దారి చూపించారనుకున్నాను. దుప్పటి అంచు పక్కన నా వేలు ఒకటి ఎత్తి పెట్టాను. ఆ పిల్ల చూసింది. చూసి కూడా, “రెండండి” అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. చేజేతులా పోగొట్టుకుందనుకున్నాను.

ప్రొఫెసరుగారు నన్ను పడుకోబెట్టి విన్నారు. తర్వాత కూర్చోబెట్టి, ముందుకు వంచి, ఊపిరి ఆపమన్నారు. చాలాసేపు విన్నారు. మొహంలో నవ్వు పోయింది. పక్కకు జరిగి బయటి ఆయన్ను వినమన్నారు. ఇద్దరూ ఇంగ్లీషులో ఏదో అనుకున్నాక ఆ పిల్లను పంపేశారు. ఏమైందో తెలియకుండానే వెళ్ళిపోయింది.

“ఆయాసం పెరిగిందా ఈ మధ్య?” అని ప్రొఫెసరుగారు నన్నడిగారు.

“పెరిగిందండి. రెండు దిండ్లు వేసుకుంటే గానీ నిద్ర పట్టడం లేదు.”

“ఎవరికీ చెప్పలేదేం?”

“నాకొచ్చిన జవాబులే చెబుతున్నానండి. దిండ్ల సంగతి అందులో లేదు.”

ఆయన కేస్ షీటు మీద ఏదో రాశారు. “ఇవాళ ఇంటికి వెళ్ళకు, వార్డులో ఉండు” అన్నారు.

“ఉంటానండి. ఆ అమ్మాయి పాసయినట్టేనా?”

“అది నీకు చెప్పకూడదు.”

“నా గుట్టంతా మీకు చెప్పలేదాండీ?”

ఆయన తర్వాతి మంచం దగ్గరికి వెళ్ళిపోయారు.

వార్డులో మందులు మార్చారు, రోజుకో యంత్రం కింద పెట్టారు. నాకు నా గుండె కన్నా ఆ పిల్ల పెట్టె మీదే ధ్యాస. తెల్లకోటు వేసుకుని ఎవరొచ్చినా రిజల్ట్సు వచ్చాయా అని అడిగేదాన్ని. హెడ్ నర్సు, “నువ్వు రాశావా పరీక్ష?” అని దెప్పేది. రాసినట్టే కదా మరి.

ఒకరోజు మధ్యాహ్నం ఆ అమ్మాయే వచ్చి మంచం పక్కన నిలబడింది. “పాసయ్యానండి” అంది.

“నేను వేలు చూపించానా, లేదా?”

“చూపించారండి. మీరు చెప్పినట్టే చెప్పేద్దామనుకున్నాను. కానీ అప్పటికే వినేశాను.”

నేను లేచి కూర్చున్నాను. అడగకుండానే ముందుకు వంగి, “స్టెతు పెట్టండి. ఇన్నాళ్ళ మందులకి తగ్గిందో లేదో చెప్పండి” అన్నాను.

విన్నది. తొందరపడలేదు. స్టెతు చెవుల్లోంచి తీసి నా మొహంలోకి చూసింది.

“తగ్గలేదండి. ఆపరేషన్ కావాల్సిందే.”

“ఆయ్. చేయించుకుంటాను” అన్నాను.