దీక్షా శిబిరంలో స్పానిష్

తెలంగాణ ఉద్యమం నడిచిన రోజుల్లో మా కోరుట్లలో ఏ పని మీద బయటికెళ్ళినా చివరికి దీక్షా శిబిరంలోనే తేలేవాళ్ళం. కూరగాయలకు పోయిన మా అమ్మ కూడా సంచి పక్కన పెట్టి, నాలుగు నినాదాలిచ్చాకే ఇల్లు చేరేది. నేనప్పుడు హైదరాబాదులో స్పానిష్ నేర్చుకుంటున్నాను. (ఆ భాషలో ఫోన్లెత్తే ఉద్యోగానికి జీతం బాగుంటుందని హాస్టల్లో అందరూ అన్నారు. స్పెయిన్ ఎటువైపుందో నాకూ సరిగా తెలియదు.) సెలవులకు ఇంటికి వచ్చానో లేదో, సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. ఉద్యోగానికి ఇక మిగిలింది ఫోన్లో మాటల పరీక్ష ఒక్కటే. అది పోతే సిరిసిల్లలో మేనమామ బట్టల దుకాణంలో కూర్చోవాలని బాపు ముందే తేల్చేశాడు.

నన్ను ఏడిపించింది 'వెళ్ళడం' అనే క్రియ. మామూలుగా దాన్ని 'ఇర్' అంటారు. జరిగిపోయిన కాలంలోకి రాగానే ఆ ఇర్ మచ్చుకైనా కనబడదు. ఫుయ్, ఫుయిస్తె, ఫ్వె అంటూ ఎవరో కొత్తవాళ్ళు వచ్చి కూర్చుంటారు. ఇంట్లో బట్టీ పడుతుంటే నాయనమ్మ "పొల్లకు గాలి సోకింది" అని దిష్టి తీసింది. అందుకే పుస్తకం పట్టుకుని శిబిరానికి పోయేదాన్ని. అక్కడ మైకు సెట్టు చూసుకునే చాచా నా అవస్థ చూసి నవ్వాడు. "గట్ల గొణుగుతె ఎట్లస్తది బేటీ? నినాదం లెక్క చెప్పాలె. నేనంట, మీరందరు అందుకోన్రి," అని నా దగ్గర జవాబులు అడిగి అందరికీ నేర్పి, పిడికిలెత్తాడు. "నేను పోయిన!" అంటే టెంటంతా "ఫుయ్!" అంది. "నువ్వు పోయినవ్!" అంటే "ఫుయిస్తె!" కొద్దిరోజుల్లోనే బీడీలు చుట్టే పెద్దమ్మలకు కూడా అన్నీ నోటికొచ్చాయి. నాకు తప్ప.

రిలే దీక్షలో రోజుకో కులసంఘం కూర్చునేది. మా బాపు తాళ్ళెక్కే మనిషి. గీత కార్మికుల వంతు సరిగ్గా నా పరీక్ష రోజే వచ్చింది. "ఇయ్యాల ఇంటిల్లిపాది కూసోకపోతె నల్గురిల తలెత్తుకుంటనా?" అన్నాడు బాపు. మెడలో బంతిపూల దండతో, కడుపులో ఆకలితో కూర్చున్నాను. సాయంత్రం పెద్దమనిషి నిమ్మరసం ఇచ్చేదాకా లేవకూడదు. ఫోను అంతకుముందే మోగింది. చుట్టూ గోలగా ఉందని స్పీకర్ పెట్టాను. (తెలివి!) పరీక్ష పెట్టే మేడమ్ ఏవో కుశలప్రశ్నలు వేసి, ఉన్నట్టుండి తెలుగులోకి దిగింది. "'నేను వెళ్ళాను' అని స్పానిష్‌లో చెప్పండి." నా బుర్రలో ఇర్ తప్ప ఇంకేమీ లేదు. నా మొహం చూసి చాచాకు జాలేసినట్టుంది, పిడికిలెత్తాడు. అంతే, "ఫుయ్!" అని టెంటు దద్దరిల్లింది. అక్కడ ఆగితే బాగుండేది. ఉద్యమకారులు మధ్యలో ఆగే రకమా? ఫుయిస్తె, ఫ్వె, ఫుయ్‌మోస్, ఫ్వేరోన్ దాకా పోయి, అలవాటు కొద్దీ "జై తెలంగాణ"తో ముగించారు.

"అక్కడ ఎంతమందున్నారమ్మా?" అంది మేడమ్. "మా కులమంతా ఉన్నది మేడమ్," అన్నాను ఏడుపు గొంతుతో. "వాళ్ళందరూ పాస్. మీరు మాత్రం సోమవారం మళ్ళీ చెప్పాలి, ఒక్కరే."

సోమవారం తలుపు గడియపెట్టుకుని చెప్పాను. గదిలో ఒక్కదాన్నే ఉన్నా చెవుల్లో ఆ టెంటంతా అరుస్తూనే ఉంది. దాని వెనకాలే నడుచుకుంటూ పోయి గట్టెక్కాను. ఉద్యోగం వచ్చింది.

బస్సులు మళ్ళీ నడిచాక, జగిత్యాల మీదుగా పోయే హైదరాబాదు బస్సెక్కితే చాచా కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "పోవుడైతె మాకందరికి నేర్పినవ్ బేటీ. అచ్చుడు ఎట్లంటరో చెప్పకనే పోతున్నవ్."

"గది మాకింకా చెప్పలే చాచా. నేర్సుకొని అస్త," అన్నాను.

తర్వాత ఆ 'రావడం' అనే క్రియను అన్ని కాలాల్లోనూ నేర్చుకున్నాను. ఎక్కడో సముద్రాల అవతల ఉన్నవాళ్ళకు ఫోన్లో రోజూ చెబుతుంటాను కూడా. కోరుట్ల పోయి 'వచ్చాను' అని చెప్పడానికే తీరిక చిక్కడం లేదు. పోవడం అంత కష్టమైంది కదా, ఇక రావడమెంతసేపు అనుకుంటూ ఆ రోజు బస్సు కిటికీలోంచి హుషారుగా చెయ్యూపిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది.