ఆరు గంటల పట్టీ

మా దుకాణంలో చెప్పిన ధరకే మారు మాట్లాడకుండా కొనుక్కుపోయే మనిషిని చూస్తే మాకు సంతోషం కన్నా దిగులే ఎక్కువ కలిగేది. నలభై చెప్పేది ముప్పైకి దిగడానికే కదా. ఆ నలభై తీసి చేతిలో పెట్టేస్తే, "అరె, యాభై చెప్పాల్సుండె" అని నాన్న సాయంత్రం దాకా సణుక్కునేవాడు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని నేను. మాటలు వచ్చిన ఏడాదే బేరమూ వచ్చిందని అమ్మ అనేది. ఆటో ఎక్కితే బేరం, ముంజలు కొంటే బేరం, పంతులుగారు ముహూర్తం పదకొండుకు పెడితే పదింటికి కుదరదా అని బేరం. ఎవరైనా ఒక అంకె చెబితే, అందులో తగ్గించడానికి కొంత కలిపే చెప్పారని నా నమ్మకం. ఈ తెలివితో జీవితంలో చాలా వస్తువులు చవగ్గా తెచ్చుకున్నాను. ఒక్కచోట మాత్రం నోరు మూసుకుని, చెప్పింది చెప్పినట్టు తీసుకోవాల్సింది.

పాల్వంచ నుంచి భద్రాచలం వైపు పోయే రోడ్డు మీద మాది మ్యాచింగ్ దుకాణం. జాకెట్ ముక్కలు, చీర ఫాల్స్, లేసులు, గుండీలు, గోడంతా దారపు రీళ్లు. కంపెనీ కాలనీ ఆడవాళ్లు షిఫ్టు బస్సులు వెళ్లాక తీరిగ్గా వచ్చేవాళ్లు. సంత రోజు అడవి ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లు తమలో తాము తమ భాషలో మాట్లాడుకుని, మాతో తెలుగులో "ఎంత?" అని మాత్రం అడిగేవాళ్లు. ధర విని, రీలు కింద పెట్టి, చిన్నగా నవ్వి ఊరికే నిలబడేవాళ్లు. ఆ నవ్వుకు నాన్న తనంతట తానే దిగివచ్చేవాడు. బేరంలో నన్ను ఓడించింది వాళ్లూ, మా చెల్లెలూ మాత్రమే.

చెల్లెలు నా తరవాత పన్నెండేళ్లకు పుట్టింది. పొద్దున లేచినప్పుడు దాని రెండు కళ్లూ చక్కగా ఉండేవి. కాసేపటికో, అలసిపోయినప్పుడో కుడికన్ను మెల్లగా చెవి వైపు జరిగిపోయేది. పిలిస్తే ఉలిక్కిపడినట్టు మళ్లీ వచ్చేది. మెల్లకన్ను అదృష్టమని మా వైపు నమ్మకం. అది గల్లాపెట్టె పక్కన కూర్చున్న రోజు షట్టర్ తీసిన పావుగంటకే బోణీ అయిందని నాన్న ఎప్పుడో గమనించాడట. అప్పటి నుంచి రోజూ బడికి పోయేముందు అది అక్కడ కూర్చోవాల్సిందే. మొదటి గిరాకీ వచ్చేదాకా జడలు వేసుకోవడం, ఇడ్లీ తినడం అన్నీ అక్కడే. పక్క దుకాణాలవాళ్లు కూడా, "ఓ బిడ్డా, మా దిక్కు గూడ ఒకసారి చూడు" అనేవాళ్లు. అది గొప్పగా తల తిప్పి చూసేది. కన్ను ఎటు చూస్తోందో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో దానికి ఆరేళ్లు. ఎండలోకి వస్తే పిల్ల ఒక కన్ను మూసుకుంటోందనీ, పుస్తకం ఒక పక్కకు పెట్టుకుని చదువుతోందనీ బడి పంతులు కబురు చేశాడు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నేనే దాన్ని బస్సెక్కించుకుని ఖమ్మం కంటి దవాఖానాకు తీసుకుపోయాను. నాకు పద్దెనిమిది. చేతిలో సంచీ, సంచీలో పులిహోర, మనసులో ఎవర్నైనా దించగలనన్న ధీమా.

డాక్టరమ్మ ఒక పెన్ను పట్టుకుని, మూత చెల్లెలి చేతికిచ్చి పెట్టమంది. అది నవ్వుతూ పెట్టబోయింది. మూత పెన్నుకు ఇవతలే, గాలిలో ఆగింది. మళ్లీ పెట్టింది. ఈసారి పక్కనుంచి పోయింది. ఆడుతోందనుకుని నేను కసిరాను.

"కసరకండి. పాప తప్పు కాదు," అంది డాక్టరమ్మ. "రెండు కళ్లూ చెరో బొమ్మ పంపుతాయి. మెదడు ఆ రెంటినీ కలిపి ఒకటి చేస్తుంది. అలా కలిస్తేనే ఏది దగ్గరో ఏది దూరమో సరిగ్గా తెలిసేది. పాప కుడికన్ను పంపే బొమ్మను మెదడు పక్కన పెట్టేస్తోంది."

ఎడమకన్ను మీద పట్టీ అతికించి రోజుకు ఆరు గంటలు ఉంచాలి. అప్పుడు కుడికన్నుకు పని తప్పదు. మూడు నెలలకోసారి రావాలి. చూపు పెరిగాక రెండు కళ్లనూ కలిపే అభ్యాసం, అవసరమైతే చిన్న ఆపరేషన్. చిన్న వయసులోనే మొదలుపెట్టాలి, ఆలస్యమైన కొద్దీ కష్టం. ఇదంతా ఆమె ఓపిగ్గా చెప్పింది. నా చెవికి ఎక్కింది ఒక్క అంకె.

"ఆరంటే మస్తు ఎక్కువైతది మేడం. బడి ఉంటది, చిన్నపిల్ల. నాలుగు పెట్టుకోరాదా?"

బయట వరండా నిండా జనం. ఆమె అలసటగా నా వైపు చూసింది. "సరే, నాలుగైనా సరే. కానీ ఒక్క నిమిషం తగ్గకుండా, ఒక్క రోజు మానకుండా కట్టండి."

బస్సులో నా లెక్క నేను వేసుకున్నాను. మొదటి మాటకే ఆరు నుంచి నాలుగుకు దిగిందంటే, అసలు అంకె రెండే అయ్యుంటుంది! దుకాణంలో పెరిగినదానికి ఇంతకన్నా ఏం తోస్తుంది? ఇంటికి పోగానే గొప్పగా చెప్పాను కూడా. నాన్న మెచ్చుకున్నాడు. "డాక్టర్నే దించింది నా బిడ్డ."

మర్నాడు పొద్దున పట్టీ కట్టి గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టాను. అప్పుడు జరిగిందది. మంచికన్ను మూయగానే, పక్కకు పోయే కుడికన్ను తిన్నగా ముందుకు వచ్చి నిలబడింది. మెల్ల మాయమైంది. నాన్న వంగి చూశాడు, నిలబడి చూశాడు.

"ఏందే ఇది? మెల్ల ఏడవాయె?"

"పట్టీ కడితే గట్లనే ఉంటదట నాన్నా."

"గిట్ల కట్టుగట్టిన మొఖం పెట్టి బోణీ ఎట్ల చేస్తమే? బోణీ అయినంకనే కట్టు."

అలా పొద్దుటి గంట పోయింది. బడిలో పిల్లలు "ఒంటికన్ను" అని ఏడిపిస్తున్నారని బడి గంటలు పోయాయి. మిగిలింది సాయంత్రం. ఆ సాయంత్రం కోసం చెల్లెలు నాతో బేరానికి కూర్చునేది.

"అక్కా, ఇయ్యాల అర్ధగంట తగ్గియ్యి. రేపు గంట ఎక్కువ కట్టుకుంట."

"నిన్న గూడ గట్లనే అన్నవ్."

"నిన్నటిది నిన్న. సరే, ఇయ్యాల పావుగంట తగ్గియ్యి. నీ కాళ్లు వత్తుత."

"పది నిమిషాలు."

"పావుగంట, ఇంక నీకు తల దువ్వుత. ఆఖరు మాట. లేకుంటే పోత."

పోతా అని నిజంగానే రెండడుగులు వేసి, నేను పిలుస్తానో లేదోనని ఓరగా చూసేది. అచ్చం మా గిరాకీల్లాగే. నాకు ఎంత ముచ్చటేసేదంటే, పిలిచి ఇచ్చేసేదాన్ని. అలా మేమిద్దరం నవ్వుకుంటూ, ఒకళ్ల నెత్తిన ఒకళ్లు చెయ్యి వేసుకుంటూ దాని చూపును పావుగంటల లెక్కన తగ్గించుకుంటూ పోయాం. డబ్బాలో పట్టీలు మిగిలిపోతుంటే నాకు పొదుపు చేసినట్టుండేది.

మూడు నెలలకు ఒకసారి పోయాం. చూపు కొంచెం పెరిగిందనీ, మానకుండా కట్టమనీ అన్నారు. పెరిగిందన్న మాట తెచ్చుకున్నాం, మానొద్దన్న మాట అక్కడే వదిలేసి వచ్చాం. ఆపై పెళ్లిళ్ల సీజను, గిరాకీ. తరవాత నా పెళ్లే. బోనకల్‌లో మా అత్తవారిదీ దుకాణమే. పట్టీ మాట అందరం మరిచిపోయాం.

నేను రెండు నెలలకోసారి పుట్టింటికి వస్తే, వచ్చినప్పుడల్లా చెల్లెలు కొంచెం మారి ఉండేది. టీ పోస్తే ధార ఒక్కోసారి గ్లాసు పక్కన పడేది. మెట్టు దిగేముందు కాలితో తడిమి చూసుకునేది. చదివేటప్పుడు కుడికన్నుకు అరచెయ్యి అడ్డం పెట్టుకునేది. సాయంత్రమయ్యేసరికి నుదుటికి మందు రాసుకుని గోడకు తల ఆనించేది. "చదువు దొంగ," అని నాన్న నవ్వేవాడు. దొంగ కాదు. రంగులు పోల్చడంలో దాన్ని మించినవాళ్లు లేరు. చీర కొంగు చూసి, వందల రీళ్లలోంచి సరైన దారం తీసేది. సూదిలోకి ఎక్కించమంటే మాత్రం కన్ను మూసుకుని, తడబడి, ఇంకొకళ్లకు ఇచ్చేసేది.

దానికి ఒకటే కోరిక. బడిలో ఉండగా కరెంటు ప్లాంటు చూపించడానికి తీసుకుపోయారు. అక్కడ కంట్రోల్ రూములో గోడ నిండా ముళ్లు తిరిగే మీటర్లు, ఎదురుగా కుర్చీలో ఒకామె. అది చూసొచ్చినప్పటి నుంచి పాలిటెక్నిక్ చదివి ఆ కుర్చీలో కూర్చోవాలని. "బోణీకి నువ్వుండాలె" అన్న నాన్నతో ఏడాది పాటు బేరమాడి, ప్రవేశ పరీక్షకు ఒప్పించుకుంది. ఆ బేరంలో ఒక్క మెట్టు కూడా దిగలేదు.

పదో తరగతి అయ్యాక ఆ పరీక్ష, ఖమ్మంలో. నేను బోనకల్ నుంచి రైల్లో వచ్చి గేటు బయట కూర్చున్నాను. గంట కొట్టాక పిల్లలంతా గోలగోలగా వస్తుంటే, అది అందరి వెనక, కుడికన్ను మీద చెయ్యి పెట్టుకుని వచ్చింది.

"ఎట్ల రాసినవే?"

"సగం దాక మంచిగనే రాసిన అక్కా. అన్నీ వచ్చినయే. తర్వాత వరసలు రెండు రెండు కనబడ్డయ్. కండ్లు గట్టిగ మూసి తెరిచిన. మళ్ల గట్లనే. జవాబు కాగితంల గుండ్రాలు దిద్దుకుంట దిద్దుకుంట పోయిన. ఆఖరి ప్రశ్నకొచ్చేసరికి దిద్దెతందుకు గుండ్రాలు లెవ్వు."

నాకు అర్థం కాలేదు.

"నడుమ ఏడనో ఒక వరస కిందికి జారిన. ఆడికెంచి అన్నీ తప్పు వరసలనే దిద్దిన. చెరిపెతందుకు టైం లేకపాయె."

ఊరికి పోకుండా నేరుగా ఆ కంటి దవాఖానాకే తీసుకుపోయాను. పాత డాక్టరమ్మ లేదు, కొత్త డాక్టరు ఉన్నాడు. చెల్లెలి కళ్ల ముందు అట్ట ముక్క అటూ ఇటూ మార్చి చాలాసేపు చూశాడు.

"పొద్దున బాగుంటుంది, సాయంత్రానికి తలనొప్పి. అంతేనా?"

"అవ్ సార్," అంది చెల్లెలు ఆశ్చర్యంగా.

"కన్ను పక్కకు పోదామని చూస్తుంది. మీరు దాన్ని రోజంతా లోపలికి లాగి పట్టుకుంటున్నారు, మీకే తెలియకుండా. బిందె చంకనెత్తుకుని రోజంతా నిలబడ్డట్టు. ఎక్కువసేపు చదివితే ఆ పట్టు జారిపోతుంది. అప్పుడే రెండు కనబడతాయి."

నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. "సార్, పట్టీ కడతం. ఆరు గంటలు కాదు, ఎనిమిది. పది గంటలైనా కడతం. దుకాణంల కూసోనియ్యం."

ఆయన నా ముఖం వైపు చూశాడు. ఇప్పుడు గంటలు పెంచితే అయ్యే పని కాదన్నాడు. ఆపరేషన్‌తో కన్ను చాలావరకు తిన్నగా అవుతుంది, చూడటానికి బాగుంటుంది, తలనొప్పి తగ్గవచ్చు. అభ్యాసాలు ఉన్నాయి. కానీ రెండు చూపులూ కలిసి ఒకటవడం కొంత రావచ్చు, రాకనూ పోవచ్చు. మాట ఇవ్వలేనన్నాడు.

"చిన్నప్పుడు ఆరు గంటలూ కట్టి ఉంటే?"

"చెప్పలేనమ్మా. అయ్యేదేమో. అప్పుడు అవకాశం ఎక్కువ ఉండేది."

బేరానికి అవతలి మనిషి ఒక అంకె చెప్పాలి. ఆయన చెప్పలేదు.

పాల్వంచ బస్సులో చెల్లెలు కిటికీ వైపు కూర్చుంది. ఏన్కూరు దాటేదాకా ఇద్దరం మాట్లాడలేదు. తరవాత అదే అంది, "అలిసిపోతే నువ్వు గూడ ఇద్దరు కనబడతవ్ అక్కా."

"మరి అసలుదేదో ఎట్ల తెలుస్తది?"

"బేరమాడేది అసలుది. ఇయ్యాల ఇద్దరూ మాట్లాడుతలేరు."

నేను తల అటు తిప్పుకున్నాను. అది నా చెయ్యి పట్టుకుంది. పట్టుకోబోయి ముందు కుర్చీ కమ్మీని పట్టుకుని, తరవాత నా చెయ్యి వెతుక్కుంది.

"తగ్గియ్యమని అడిగింది నేనే గద అక్కా."

ఆరేళ్ల పిల్ల అడిగింది. పద్దెనిమిదేళ్ల నేను ఇచ్చాను.

మేం దిగేసరికి దుకాణంలో దీపాలు వెలిగించారు. డాక్టరు చెప్పింది చెప్పాను. నాన్న చేతిలోని కత్తెర తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు. చివరికి, "అదృష్టమనుకున్న బిడ్డా," అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా. లేచి, లేసుల పెట్టెలున్న కింది అరలోంచి ఒక పాత డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. నేను పొదుపు చేసిన పట్టీలు. ఎప్పటికైనా పనికొస్తాయని దాచాడట.

చెల్లెలు ఒకటి తీసి, వెనక కాగితం ఒలిచి ఎడమకన్నుకు అద్దుకుంది. జిగురు ఎండిపోయింది, నిలవలేదు. వేలితో అదిమి పట్టుకుంది. పక్కకు పోయి ఉన్న కుడికన్ను మెల్లగా ముందుకు వచ్చి నిలబడి, నన్ను సూటిగా చూసింది.

"ఇప్పుడు ఒక్కదానివే కనబడుతున్నవ్ అక్కా," అంది.