ముగ్గులో గీసిన వాగు

మా ఊళ్ళో ముగ్గు వెయ్యడంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు మహా గర్వంగా ఉండేది. క్రిస్మస్‌కి చర్చి ముందు పెద్ద నక్షత్రం వేసేది నేనే. చుక్క తప్పదు, గీత వణకదు. ఆ గర్వమే మా చేనుని మింగింది. ఇందులో ఆఫీసర్ల తప్పు లేదని నేననను. వాళ్ళ తప్పు వాళ్ళకుంది, అదీ చెప్తాను. ముందు నాది ఒప్పుకోవాలి గనక ఇక్కణ్ణించి మొదలుపెట్టాను.

మాది వెల్దుర్తి వైపు గుట్టల కింద ఊరు. మా మామకి ఎప్పుడో పట్టా ఇచ్చిన రెండెకరాలు గుట్ట వాలులో ఉన్నాయి. మంచి నేలలు అందరూ పంచుకున్నాక మిగిలింది మావాళ్ళకిచ్చారు. పైన ఎర్రమన్ను, దాని కింద నాపరాయి. మన్ను కొట్టుకుపోయిందంటే ఇక ఏం వేసినా మొలవదు. గుట్ట మీంచి వచ్చే వాగు మా చేను పైగట్టున, రేగుచెట్టు దగ్గర ఎడమకి తిరుగుతుంది. మామూలు వానకి బుద్ధిగా తిరిగి పక్కనుంచి పోతుంది. పెద్ద వాన పడితే మాత్రం ఆ వంపుని లెక్కచెయ్యదు, గట్టు తెంచుకుని నేరుగా మా చేలోకి దిగుతుంది. దిగిన ప్రతిసారీ ఇంత మన్ను పట్టుకుపోతుంది.

మా అత్త ఏటా వానలు వెలిశాక గునపం తీసుకుని చేలోకి పోయి, నాలుగైదు చోట్ల గుచ్చి చూసేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో గునపం మూరెడు దిగేది. ఏడాదికేడాది ఆ లోతు తగ్గుతూ వచ్చి, చివరికి జానెడు దిగగానే రాయి తగిలి ఖంగుమనేది. ఆ చప్పుడు విన్న రోజు ఆమె అన్నం సరిగా తినేది కాదు.

అందుకే మన్ను కొట్టుకుపోకుండా కట్టలు వేసే వాటర్‌షెడ్ పథకం వచ్చిందంటే అందరికంటే ఎక్కువ సంతోషపడింది ఆమే. రేగుచెట్టుకి పైన అడ్డంగా ఒక రాతికట్ట వేస్తే వాగు జోరు తగ్గి పక్కకి తిరుగుతుందని ఆమె ఎన్నో ఏళ్ళుగా అంటోంది. మా దగ్గర రాళ్ళకి కొదవలేదు. వాటిని పైకి తోలి పేర్చడానికి ట్రాక్టరూ జేసీబీ లేవు, అంతే. ఈసారి ప్లాను ఆఫీసులో వెయ్యరట, ఎక్కడ ఏం కట్టాలో రైతులే చెప్పాలట అని ఊళ్ళో టముకు వేశారు. ఆమె ఆ రోజు కూలికి పోకుండా తలకి నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది.

బడి ఆవరణలో మీటింగు పెట్టారు. ఆఫీసరు చిన్నవాడే, మంచి మాటకారి. బస్తాలో ముగ్గుపిండి, పొట్లాల్లో రంగులు తెచ్చాడు. ఊరి పటం నేల మీద రైతులే గియ్యాలన్నాడు. ముగ్గు అనేసరికి మగాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎకరాలకి ఎకరాలు దున్నే చేతులు ముగ్గుపిండి ముట్టుకుంటే అరిగిపోతాయి మరి. ఎవరో నా పేరు చెప్పారు. ఆఫీసరు నా దగ్గరికొచ్చి, "అమ్మా, మీరే గియ్యాలి" అన్నాడు. నన్ను మీరు అన్న మొదటి ఆఫీసరు అతనే. దాంతో నేను కరిగిపోయాను.

మగాళ్ళు కుర్చీల్లో కూర్చుని చెప్తూ ఉంటే నేను నేల మీద కూర్చుని గీశాను. రోడ్డు ఇక్కడ, చెరువు అక్కడ, నా బోరు ఫలానా చోట అని ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకున్నారు. గుట్టని నేను రేకలు రేకలుగా వేశాను. చెట్లకి పచ్చచుక్కలు పెట్టాను. ఆఫీసరు అబ్బ అన్నాడు. ఆ మాట చెవిన పడ్డాక నాకు ఒళ్ళు తెలియలేదు. ముగ్గన్నాక రెండు వైపులా సరిసమానంగా రావాలి గదా. వాగుని రేగుచెట్టు దగ్గరే తిప్పితే ఎడమవైపంతా ఇరుకై కుడివైపు బోసిగా ఉంటుంది. అందుకని దాన్ని మా చేను పక్కగా నేరుగా కిందికి తెచ్చి, మాకు దిగువనున్న పెద్దరైతు పొలం దగ్గర గుండ్రంగా తిప్పాను. నీలం రంగు పోసేసరికి తీగలాగా ఎంత అందంగా వచ్చిందో.

మా అత్త వంగి చూసింది. "ఏమే, వాగు ఆడ తిరగదు గదే. మన రేగుచెట్టు కాడ తిరిగిద్ది" అంది.

"ముగ్గు చెడిపోద్ది అత్తా, నువ్వు పోయి అటు కూర్చో" అన్నాను.

కుర్చీల్లో వాళ్ళు నవ్వారు. ఆమె పోయి గోడవారన కూర్చుంది. ఆ నవ్విన వాళ్ళలో వాగు ఎక్కడ తిరుగుతుందో తెలియనివాడు ఒక్కడూ లేడు. దిగువ పొలం పెద్దరైతే ఈ పథకం కమిటీకి ప్రెసిడెంటు. నా గీత తన గట్టు దాకా వచ్చినప్పుడు ఆయన కాలు మీద కాలేసుకుని చూస్తున్నాడు తప్ప నోరు విప్పలేదు. ఆయన విప్పని చోట ఇంకెవరు విప్పుతారు?

పటం గీశాక అందరూ కలిసి గుట్ట పైనుంచి కింది దాకా నడిచి చూడాలట. అప్పటికి మిట్టమధ్యాహ్నం అయింది, భోజనాలు వచ్చాయి. పటం ఇంత వివరంగా ఉన్నాక మళ్ళీ నడవడం ఎందుకన్నాడు ఆఫీసరు. నడిచినట్టు పుస్తకంలో రాశారు. నేను సంతకం పెట్టాను, మా అత్త వేలిముద్ర వేసింది. ఆ నడక నడిచి ఉంటే రేగుచెట్టు దగ్గర ఆమె అందర్నీ ఆపి చూపించేది. ఆఫీసరు మాత్రం బల్ల మీదికెక్కి, ముగ్గు పక్కన నేను కూర్చునుండగా ఫొటో తీసుకున్నాడు. ఆ రోజు నేను ఇంటికి నవ్వుకుంటూ వచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

వాగు తిరిగే చోటే దాని జోరు ఆపాలంటారు గనక, కట్ట నేను వాగుని తిప్పిన చోటే వచ్చింది, అంటే మా చేనుకి దిగువన. జేసీబీ దిగిందని తెలిసి పరుగెత్తాను. ఇక్కడ కాదు సార్, పైన కట్టాలి అని మొత్తుకున్నాను. పని చేయించేవాడు ఫోన్ తీసి నా ముగ్గే నాకు చూపించాడు. "మీరే గదమ్మా గీసింది. రైతులు పెట్టిన చోటే కట్టాలని రూలు" అన్నాడు.

ఆ ఏడు పెద్ద వాన పడింది. వాగు అలవాటు ప్రకారం రేగుచెట్టు దగ్గర గట్టు తెంచుకుని మోకాలెత్తు కందిలోంచి పోయింది. పోతూ పోతూ మా మన్నంతా తీసుకెళ్ళి కట్ట వెనక పోసింది. నాలుగు రోజులకి ఆఫీసర్లు వచ్చారు. కట్ట ఎంత మన్ను ఆపిందో కర్ర గుచ్చి కొలిచి, ఎంతో బాగా పనిచేస్తోందని మెచ్చుకున్నారు. మా అత్త పక్కనే నిలబడి ఉంది. ఆ మన్నులోంచి ఒక కందిమొక్క వేళ్ళతో సహా పైకి తేలి ఉంటే ఆమె వంగి తీసుకుని కొంగులో పెట్టుకుంది. ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ మన్ను మేం మళ్ళీ చేలోకి మోసుకుంటామని ప్రెసిడెంటుని అడిగాం. తన పొలంలోకి వచ్చిన మన్ను తనదేనన్నాడు. కాదంటే కమిటీలో తీర్మానం పెట్టుకోమన్నాడు. ఇప్పుడు అక్కడ ఆయన మిరపతోట చూస్తే కడుపు మండుతుంది. పంచాయతీ ఆఫీసు గోడకి ఫ్లెక్సీ ఒకటి కట్టారు. అందులో నేను ముగ్గు పక్కన కూర్చుని నవ్వుతున్నాను. రైతులే వేసుకున్న ప్రణాళిక అని కింద పెద్ద అక్షరాలు. కూలికి పోయేటప్పుడల్లా దాని ముందునుంచే పోవాలి.

ఈ ఏడు వానలకి ముందు అదే ఆఫీసరు మళ్ళీ వచ్చాడు. రెండో విడత పనులకి ఇంకో పటం కావాలట, నేనే గియ్యాలట. పోయాను. ఈసారి గుట్టకి రేకలు వెయ్యలేదు. వాగుని రేగుచెట్టు దగ్గర ఇరుగ్గా, వంకరగా, ఎలా ఉందో అలాగే తిప్పాను. అక్కణ్ణించి మా చేలోంచి నీళ్ళు పోయే దారిని ఎర్రరంగుతో గీశాను. చూడ్డానికి చాలా వికారంగా ఉంది.

ఆఫీసరు ఫోన్‌లో పాత ఫొటో తీసి పక్కన పెట్టి చూశాడు. "పాత పటంతో ఇది కలవడం లేదమ్మా" అన్నాడు.

పాతదే తప్పు, వచ్చి నడిచి చూడండి అన్నాను. పాతది పై ఆఫీసుకి వెళ్ళిపోయిందనీ, ఇప్పుడు మారిస్తే కట్ట అక్కడెందుకు కట్టారని తనని అడుగుతారనీ మెల్లగా చెప్పాడు. ఈసారి ముగ్గు ఫొటో తియ్యలేదు. జనాన్ని చెట్టు కింద నిలబెట్టి వాళ్ళ ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు.

అందరూ పోయాక మా అత్త ముగ్గు పక్కన కూలబడి, రేగుచెట్టు దగ్గర వంపు మీద వేలుపెట్టి చూసింది. "ఇప్పుడు సరిగ్గా గీశావే" అంది. దెప్పిపొడవాలని అన్న మాట కాదు. దెప్పినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

మొన్న వానలు వెలిశాక నేనే గునపం తెచ్చి ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని గోడకి ఆనించి కూలికి పోయింది.