గుండీల జాగ

పేద దేశాల పిల్లలకు చవకగా, ఒళ్ళో పెట్టుకునే చిన్న కంప్యూటర్లు పంచుతున్నారని ఆ మధ్య పత్రికలో చదివాను. పక్కనే ఒక ఫొటో. ఏదో దూరదేశంలో మట్టిగోడకు ఆనుకుని కూర్చున్న పిల్లలు, ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కొక్కటి. చూసినవాళ్ళంతా ఆ పిల్లల నవ్వులు చూస్తారు కాబోలు. నేను మాత్రం కళ్ళజోడు సవరించుకుని మీటల మీది అక్షరాల వరుస చూశాను. క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్... సరిగ్గానే ఉన్నాయి. ఎవరూ పీకి మార్చలేదు. హమ్మయ్య అనుకున్నాను.

ఎందుకలా అనుకున్నానో చెప్పాలంటే ఎనభైల నడుమకు, కట్టంగూరు అవతల హైవే పక్కనున్న మా సర్కారు హైస్కూలుకు పోవాలి. నేనప్పుడు ఎనిమిదో తరగతి. మాది ఊరి చివర వాడ, ఆదివారం చర్చికి పోయే ఇళ్ళు. తరగతిలో మా వాడ పిల్లలం ఆఖరి బెంచీల మీద కూర్చునేవాళ్ళం. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పినట్టు గుర్తు లేదు, చెప్పనక్కర లేకుండానే అలా జరిగిపోయింది. నా పక్కన ఊరి దర్జీ కూతురు కూర్చునేది. నాకు అదే ప్రాణస్నేహితురాలు.

ఒకరోజు జీపులో అట్టపెట్టెలు దిగాయి. కొన్ని బడులను ఏరి కంప్యూటర్లు ఇస్తున్నారట, అందులో మాది ఒకటి. ఎలా ఏరారో ఆ ఏరినవాళ్ళకే తెలియాలి. మా బడిలో నల్లబల్లలే తరగతికొకటి లేవు. పెట్టెలు విప్పితే టీవీ లాంటిదొకటి, దాని ముందు పెట్టే మీటల పలక ఒకటి బయటపడ్డాయి. సైన్సు గది ఊడ్పించి, బల్ల మీద పెట్టి, బొట్టు పెట్టి, అగరొత్తులు వెలిగించారు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలన్నారు. నా స్నేహితురాలి నాయన దానికి ఎర్రగుడ్డతో కుచ్చుల ముసుగు కుట్టి ఇచ్చాడు. అప్పటినుంచి ఆ పిల్ల దాన్ని 'మా కంపూటర్' అనేది.

మీటలను మేమంతా గుండీలు అనేవాళ్ళం. అంగీ గుండీలలాగే వరుసగా ఉన్నాయి మరి.

హైదరాబాదుకు పోయి దాన్ని నడపడం నేర్చుకొచ్చింది మా లెక్కల సారు. ఆయన అన్నిటికన్నా గట్టిగా నేర్చుకొచ్చిన సంగతి ఒకటుంది. 'ప్రింట్' అని ఇంగ్లీషులో కొట్టి, కోట్ గుర్తుల నడుమ మన పేరు కొట్టి, పెద్ద గుండీ నొక్కితే కింది వరుసలో మన పేరు వస్తుంది. ఒక్క అక్షరం తప్పినా 'మిస్టేక్' అని ఇంగ్లీషులో వస్తుంది. ఆ మాట బడి అంతా పాకింది. కబడ్డీలో దొరికినవాడు మిస్టేక్, అన్నంలో రాయి వస్తే మిస్టేక్. మా తరగతికి ఇంగ్లీషులో అంత బాగా వంటబట్టిన మాట ఇంకోటి లేదు.

శనివారం కరెంటున్న గంటసేపు వంతులు. ముందు బెంచీ మగపిల్లలతో మొదలు. వాళ్ళందరూ అయ్యాక ఆడపిల్లలు, ఆడపిల్లల్లో ఆఖరున మేము. తెలుగు మీడియం పిల్లలకు ఏబీసీడీలు వరుసగా చదివితేనే వస్తాయి. చెల్లాచెదురుగా ఉన్న ఆ గుండీల్లో 'పి' ఎక్కడుందో వెతుక్కునేసరికే సగం వంతు అయిపోయేది. ఇద్దరు ముగ్గురు వాళ్ళ పేర్లు కొట్టుకునేలోపు గంట కొట్టేవారు, లేకపోతే కరెంటు పోయేది. అలా ఎన్ని శనివారాలు పోయినా వంతు మూడో బెంచీ దాటలేదు.

నేను కిటికీ ఊచలు పట్టుకుని చూసేదాన్ని. నాకు పేరు కొట్టుకోవాలన్న ఆశకన్నా ఒక సంగతి తెలుసుకోవాలన్న తహతహ ఎక్కువగా ఉండేది. 'పి' నొక్కితే అది 'పి' అని దానికెలా తెలుస్తుంది? గుండీ పైన రాసిన అక్షరం మనకు కనిపిస్తుంది, లోపలున్న దానికి కనిపించదు కదా?

"గుండీ కింద గూడ రాసి ఉంటదేమోనే," అంది నా స్నేహితురాలు.

"రాసి ఉంటె సదవడానికి లోపల కండ్లుండాలె గద?"

"నీకన్నీ గిసొంటి సోద్యాలే. మన వంతు రాని, నొక్కి సూద్దువు గని."

ఆ వంతు కోసమే నా ప్రాణం కొట్టుకుంటుండేది. నిద్రలో కూడా వేలు చాపి ఏదో నొక్కుతున్నానని మా అవ్వ నవ్వేది.

ఒక శనివారం ముందు బెంచీలో కిటికీ పక్కన కూర్చునే పిల్లవాడికి 'ఎన్' ఎంతకీ దొరకలేదు. విసుగొచ్చి, "సార్, గిది తయారు జేసినోళ్ళకు ఏబీసీడీలు రావా సార్? అన్ని తప్పు జాగలల్ల పెట్టిన్రు!" అన్నాడు. అందరం విరగబడి నవ్వాం. సారూ నవ్వాడు. నవ్వి, కాసేపు గడ్డం గోక్కుని, వృత్తలేఖిని ముల్లు తీసి ఒక గుండీ అంచున పెట్టి మెల్లగా లేపాడు. టప్పున ఊడి వచ్చింది.

"వరుసగ పెడితె మీకు జల్ది దొరుకుతయి. ఆడివిల్లలకు గూడ వంతు అందుతది," అన్నాడాయన. పిల్లలంటే ఆయనకు అంత ప్రేమ. అక్షరాల గుండీలన్నీ ఊడదీసి, ఏబీసీడీ వరుసలో మళ్ళీ ఒత్తాడు. కిటికీ బయట నేను ఎగిరి గంతేశాను.

పిల్లవాడు కూర్చుని చకచకా 'ప్రింట్' కొట్టాడు. తెర మీద హెచ్, కే, ఓ, ఎఫ్, జెడ్ అని వచ్చింది. పెద్ద గుండీ నొక్కితే మిస్టేక్. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ మిస్టేక్. సారు ముఖం పాలిపోయింది.

హెడ్మాస్టరు పరుగెత్తుకొచ్చాడు. "దాని పానం దీసిన్రు గదయ్యా! గుండీలు వీకితె లోపల తీగలు తెగయా? వచ్చే వారం జిల్లా నుంచి ఆఫీసరొస్తుండు. నడువని మిషన్లను పట్నం బడులకు తీస్కపోతరంట!"

ముందు ఎలా ఉన్నాయో అలా పెడదామంటే ఆ వరుస ఎవరికీ గుర్తు లేదు. క్యూ మొదట ఉండేదని ఒకరు, కాదు చివరన ఉండేదని ఇంకొకరు. "ఇగ దాన్ని ముట్టకుండ్రి," అని హెడ్మాస్టరు గదికి తాళం వేశాడు. కుచ్చుల ముసుగు కింద అది ప్రాణం పోయినదానిలా పడి ఉంది. నా వంతు రాకముందే పోయింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. ఎందుకో చెబితే బాపు నవ్వుతాడని కడుపునొప్పి అన్నాను.

రెండు మూడు రోజులకు సోషల్ పీరియడ్‌లో ఒక తమాషా జరిగింది. మా సోషల్ సారు ముసలాయన. ఆయన కళ్ళద్దాలు సోడాబుడ్డి అడుగుల్లా ఉండేవి, వాటిలోంచి కూడా సరిగా కనబడేది కాదు. పిల్లలను ముఖం చూసి కాదు, కూర్చునే చోటును బట్టి పేరు పెట్టి పిలిచేవాడు. ఆ రోజు మా బెంచీకి ఒక చివర మేకు లేచి నా లంగాకు పట్టుకుంటోందని మేమిద్దరం చోట్లు మార్చుకున్నాం. ఆయన మమ్మల్ని గీయమన్న పటాలు చూసుకుంటూ వచ్చి, నేను గీసిన పటం చేతిలోకి తీసుకుని నా స్నేహితురాలి పేరు పెట్టి పిలిచి, "శభాష్, ఇయ్యాల మంచిగ గీసినవ్," అన్నాడు. తర్వాత ఖాళీ కాగితం పట్టుకున్న దాన్ని నా పేరు పెట్టి తిట్టాడు. అది నన్ను గిల్లింది. నేను నవ్వు ఆపుకోలేక బెంచీ కింద తల పెట్టాను.

అక్కడే, తల కిందికి ఉండగానే, నా నవ్వు ఆగిపోయింది.

పీరియడ్ అయిపోగానే స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడ్డాను. లెక్కల సారు దిగులుగా కూర్చుని ఉన్నాడు.

"సార్, గది కరాబ్ కాలేదు సార్."

"ఏందే బిడ్డా?"

"గది మన సోషల్ సార్ లెక్క, సార్. దానికి అచ్చరం మొకం కనవడది. జాగ ఒక్కటే ఎర్క. మనం గుండీలను మార్చినం గని, జాగలు మారలే. ఒక్కొక్క జాగను నొక్కి నీ పేరేందని అడిగితె అదే చెప్తది సార్. అది చెప్పిన గుండీని ఆడ పెడ్దాం."

 సారు చెప్పులు కూడా వేసుకోకుండా తాళం చెవి కోసం పరుగెత్తాడు.

హెడ్మాస్టరు గొణుగుతూనే తలుపు తీశాడు. సారు గుండీలన్నీ మళ్ళీ ఊడదీశాడు. వాటి కింది ఉట్టి మొండి పుల్లలు మిగిలాయి. "నువ్వే నొక్కు," అన్నాడు. నేను పావడాకు వేలు తుడుచుకుని మొదటి పుల్ల మీద పెట్టాను. జర మెత్తగా దిగి, తిరిగి లేచింది. తెర మీద క్యూ వచ్చింది. సారు కుప్పలోంచి క్యూ వెతికి అక్కడ ఒత్తాడు. పక్కది నొక్కాను, డబ్ల్యూ. ఒక్క చోటు కూడా తన పేరు మరిచిపోలేదు. అన్నీ అయ్యాక సారు నన్ను కూర్చోబెట్టి నా పేరు కొట్టమన్నాడు. కొట్టాను. కింది వరుసలో, తెల్లగా మెరుస్తూ, నా పేరు వచ్చింది. అంత సంతోషం పట్టలేక పక్కనున్న హెడ్మాస్టరును చూసి నవ్వాను. ఆయన కూడా నవ్వాడు పాపం.

ఆఫీసరు వచ్చిన రోజు ముందు బెంచీ పిల్లలనే కంప్యూటర్ గదిలోకి పిలిచారు. ఉతికిన బట్టలు వాళ్ళకున్నాయి. మిషన్ మా బడికే ఉంటుందని తేలింది. నాకు కోపం వచ్చింది, కాదనను. కానీ అంతకన్నా పెద్ద సందేహం ఒకటి నన్ను తొలుస్తోంది. ఆ సమయానికి మాకు సోషల్ పీరియడ్. ముందు బెంచీ ఖాళీగా ఉంది.

నేను సంచీ తీసుకుని లేచాను.

"నీకేమన్న తిక్క లేసిందానే? గది మొగవిల్లల దిక్కు!" అంది నా స్నేహితురాలు.

"ఆగు, సూద్దాం," అన్నాను. పోయి కిటికీ పక్కన, ఏబీసీడీలు రావా అన్న పిల్లవాడి చోట్లో కూర్చున్నాను. వెనక గుసగుసలు మొదలయ్యాయి.

సోషల్ సారు వచ్చాడు. పుస్తకంలోంచి తల ఎత్తకుండా, ఎప్పటిలాగే ఆ చోటు వైపు వేలు చూపి, ఆ పిల్లవాడి పేరు పిలిచి, "కృష్ణా నది ఏడ పుట్టి, మన దిక్కు ఏడికెల్లి వస్తదో చెప్పురా," అన్నాడు. అన్నేళ్ళలో ఏ సారూ నన్ను ఒక్క ప్రశ్న అడిగింది లేదు. పటం గీయమనేవాళ్ళు, ఊడ్వమనేవాళ్ళు, అంతే.

లేచి నిలబడ్డాను. "పడమటి కనుమలల్ల మహాబలేశ్వరం కాడ పుడ్తది సార్. మన రాష్ట్రంలకు మహబూబ్‌నగర్ జిల్లాకెల్లి వస్తది."

"శభాష్ రా..." అని ఆయన ఆగిపోయాడు. గొంతు తేడాగా వినిపించింది. కళ్ళద్దాలు తీసి, కండువాతో తుడిచి, పెట్టుకుని, నా ముఖం దగ్గరికి వంగాడు.

"ఎవలే నువ్వు?"

"ఆకరి బెంచి పిల్లను సార్."

"నిన్నెప్పుడన్న అడిగిన్నా నేను?"

"లేదు సార్."

 తన్నులు తప్పవనుకుని సంచీ భుజాన వేసుకుని వెనక్కి తిరిగాను.

"యాడికి?" అన్నాడాయన. "గీడ్నే కూసో."