నా చావు కబురు నా ఫోనుకే వచ్చింది

ఆమధ్య ఒక ఉదయం కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోను తెరిస్తే, నేను పోయానని తెలిసింది. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో నా ఫోటో, దాని చుట్టూ బంతిపూల దండ, కింద వరుసగా జోడించిన చేతుల బొమ్మలు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను, నేనే. వంటింట్లో మా ఆవిడ దోసె తిప్పుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. అయినా నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, అలాంటప్పుడు మనిషి చెయ్యి ముందు తన గుండె మీదికే పోతుంది.

తర్వాత తేలిందేమిటంటే, నేను చాలాకాలం జర్నలిజం పాఠాలు చెప్పిన కాలేజీవాళ్లు నాకు సన్మానం తలపెట్టి, ఏలూరు బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ కట్టించారు. ఫ్లెక్సీ తయారుచేసినవాళ్లకు ముసలివాళ్ల ఫోటో కనబడితే దండ వెయ్యడం అలవాటు కాబోలు, నాకూ వేసేశారు. కింద ‘సన్మాన సభ’ అన్న అక్షరాలకు ఎవరిదో చెరుకురసం బండి అడ్డం నిలిచింది. తెల్లవారుతుండగా బస్సులో పోతున్న నా శిష్యుడొకడు కిటికీలోంచి ఫోటో తీసి, మాస్టారు ఇక లేరని గ్రూపులో పెట్టేశాడు. ఆ బండి పక్కనుంచి ఒకసారి తొంగిచూస్తే సరిపోయేది.

నేను బతికే ఉన్నానని వెంటనే గ్రూపులో రాశాను. అది చదివే ఓపిక కూడా లేనట్టుంది, నా పేరుతో ఏదో వచ్చిందని మాత్రం చూసి, మాస్టారి ఫోను వాడుతున్న కుటుంబసభ్యులు ధైర్యంగా ఉండాలని ఒకాయన ఓదార్చాడు. కోపం రావాలా, నవ్వు రావాలా తెలియక మా ఆవిడకు చూపించాను. ఆవిడ నవ్వలేదు, స్టవ్ ఆపేసి వచ్చి నా పక్కన కూర్చుంది.

వీటన్నిటికంటే నన్ను నిలువునా కొయ్యబార్చింది ఒక పెద్ద సంతాపం. రాసినవాడు ఇప్పుడు హైదరాబాదులో ఓ టీవీ చానల్లో పెద్ద పదవిలో ఉన్నాడు. చావు కబురును వెళ్లి కళ్లారా చూడకుండా రాయకూడదని మనకు నేర్పిన గురువు ఇక లేరు, అని మొదలుపెట్టాడు. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. ఎందుకంటే ఆ పాఠం నేర్చుకున్న రోజున కొల్లేట్లో పడవెక్కినవాడు అతనే.

అప్పట్లో మా డిపార్ట్‌మెంటుకు సొంత పత్రిక అంటే కాలేజీ గేటు పక్క గోడే. పిల్లలు వార్తలు తెచ్చి, డ్రాయింగు షీటు మీద చేత్తో రాసి అంటించేవారు. చింతలపూడి నుంచి మొదటి బస్సుకు వచ్చేవాళ్లు ఆయిల్‌పామ్ తోటల కబుర్లు తెస్తే, ఆకివీడు వైపు వాళ్లు చేపల లారీల వాసనతో సహా తెచ్చేవారు. క్లాసు ఎగ్గొట్టి క్యాంటీన్లో కూర్చున్నా, గోడ దగ్గరికి మాత్రం అందరూ వచ్చేవారు. ఒక ఈదురుగాలి రోజు కొల్లేట్లో పడవ తిరగబడి ఒక లంక ఊరి మనిషి పోయాడని కబురొచ్చింది. ఈ హైదరాబాదు శిష్యుడే గబగబా షీటు మీద పేరు కూడా రాసేశాడు. అంటించబోతుంటే నేను ఆపి, వెళ్లి చూసి రమ్మని పంపాను. తోడుగా వన్‌టౌన్‌లో గాజుల కొట్టున్న సాయిబుగారి అమ్మాయి బయలుదేరింది, అదే క్లాసు.

ఆకివీడులో బస్సు దిగేసరికి పోయాడన్న మనిషి చెరువుగట్టు మీద ఆరీ ఆరని బట్టలతో టీ తాగుతున్నాడట. ఈదుకుంటూ గట్టెక్కాడు. అతన్ని వెంటబెట్టుకుని పడవలో లంకకు వెళ్తే, అక్కడ ఇంటి ముందు ఊరంతా పోగై ఏడుస్తోంది. భర్తను చూసి ఆ ఇల్లాలు నవ్వనూ లేదు, ఏడవనూ లేదు, అతని చెయ్యి పట్టుకుని వదలకుండా చూస్తూ కూర్చుందట. తిరిగొచ్చాక ఇదంతా నాకు చెప్పింది సాయిబుగారి అమ్మాయే. ఆ కుర్రాడు ఎవరూ చెప్పకుండానే షీటు చింపేశాడు. ఆ సాయంత్రం నాకు వాళ్లిద్దర్నీ చూసి ఎంత గర్వమనిపించిందో చెప్పలేను.

అంతా నెమరువేసుకుంటుండగా ఒక్కసారిగా మా అక్కయ్య గుర్తొచ్చింది. ఉండేది పెంటపాడులో. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే, గుండె అంతంతమాత్రం. వాళ్ల పక్కింటి అమ్మాయి కూడా నా స్టూడెంటే, అదే గ్రూపులో ఉంది. అక్కయ్యకు ఫోను చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. పక్కింటివాళ్లూ ఎత్తడం లేదు.

అదే సమయానికి మా గేటు దగ్గర ఎవరో నిలబడి నన్నే చూస్తున్నారు. గాజుల కొట్టు సాయిబుగారి అమ్మాయి. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో టీచరు, జుట్టు సగం నెరిసింది. నన్ను ఎగాదిగా చూసి, మెట్టు మీద కూలబడి మంచినీళ్లడిగింది.

“గ్రూపులో చూసి మొదటి రైలుకే వచ్చేశానండీ. చూడకుండా ఏడవకూడదనుకున్నానండీ,” అంది. అని అప్పుడు ఏడ్చింది.

అక్కయ్య సంగతి చెప్పగానే లేచింది. “ఫోన్లతో పనవదండీ మాస్టారూ, పదండి.”

మా ఆవిడతో కలిసి ముగ్గురం కారులో బయలుదేరాం. పెంటపాడు చేరేసరికి అక్కయ్య వాకిట్లో చెప్పులు కుప్పగా ఉన్నాయి. లోపల అక్కయ్య గోడకు ఆనుకుని, చుట్టూ ఆడవాళ్లు ఏడుస్తుంటే తాను మాత్రం పొడికళ్లతో కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్తే నా చెయ్యి పట్టుకుంది, అంతే, ఇక వదల్లేదు. సాయిబుగారి అమ్మాయి గుమ్మంలోనే నిలబడిపోయింది. లంకలో చూసినదే తనకు గుర్తొచ్చిందని ఆ ముఖం చూస్తేనే తెలిసింది.

అక్కయ్య కోలుకుంది. కానీ ఇప్పుడు రోజూ ఫోను చేస్తే, “గొంతు నమ్మనురా, వచ్చి కనబడు,” అంటుంది. అందుకని ప్రతి ఆదివారం ఏలూరులో రైలెక్కుతున్నాను. మన రోజుల్లో ఒక కబురు ఊరు దాటడానికి పూట పట్టేది, ఆ పూటలోనే ఎవరో ఒకరు నిజం కనుక్కునేవారు. ఆ వ్యవధి పోయిందని బాధపడుతుంటాను గానీ, మొదటి రైలు ఈనాటికీ ఉంది, ఎక్కిన మనిషీ ఒకరున్నారు. హైదరాబాదు శిష్యుడు తర్వాత ఫోను చేసి క్షమించమన్నాడు, మాస్టారూ మాస్టారూ అని చాలాసేపు మాట్లాడాడు. అతను రాసిన సంతాపం మాత్రం గ్రూపులో ఇంకా అలాగే ఉంది. తీసెయ్యాలని అతనికి తోచలేదు. నేను కాలేజీలో ఉన్నన్నాళ్లూ చెప్పిన పాఠం అంత చక్కగా ఇంకెవరూ రాయలేదు, అందుకే నేనూ అడగలేదు.