మామా తెచ్చిన బుద్ధుడి తల

గల్ఫులో, సాల్మియాలో నేను పనిచేసిన ఇంట్లో వంట నాది, గదులూ స్నానాలగదులూ శుభ్రం చేసే పని అక్కది. అక్కది శ్రీలంక. వాళ్ల భాషలోనూ అక్కను అక్కే అంటారని తెలిశాక ఆమెను పేరుతో పిలవడం మానేశాను. మిగతా మాటలన్నీ మా ఇద్దరికీ వచ్చీరాని అరబ్బీలోనే.

ఆ ఏడు సెలవులకు మా యజమానురాలు, అంటే మామా, పిల్లలతో శ్రీలంక చూడబోయింది. వెళ్లేముందు వంటింట్లోకి వచ్చి, అక్కడి గుళ్లలో ఎలా మెలగాలో చెప్పమని అక్కను అడిగింది. అన్నేళ్లలో అక్క దేశం గురించి ఆ ఇంట్లో ఎవరూ ఏదీ అడిగింది లేదు. ఆమె చేతులు తుడుచుకుని పిల్లలను నేలమీద కూచోబెట్టింది. చెప్పులూ టోపీలూ బయటే విడవాలి. భుజాలూ మోకాళ్లూ కప్పుకోవాలి, తెల్లబట్టలైతే మరీ మంచిది. బుద్ధుడి వైపు కాళ్లు చాపకూడదు, ఆయనకు వీపు పెట్టి ఫొటో దిగకూడదు. ఆయన ముందు పెట్టే పూలను మనం ముందుగా వాసన చూడకూడదు. పిల్లలు ఫ్రిజ్‌నే బుద్ధుడనుకుని దణ్ణాలు పెట్టి పడీపడీ నవ్వారు. అక్క కూడా నవ్వింది.

తిరిగొచ్చాక మామా ఫోనులో ఫొటోలు చూపించింది. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. ఎండకు కాలిన బండల మీద చిన్నపిల్ల ఒంటికాలిమీద గెంతుతోంది. నువ్వు చెప్పినట్టే చేశామని మామా అంటే అక్క మొహం వెలిగిపోయింది. ఆ తర్వాత మామా పెట్టె తెరిచి, తువ్వాళ్లలో చుట్టిన బొమ్మను బయటికి తీసింది. బుద్ధుడి తల. మెడ కింద ఏమీ లేదు. అక్కడ దిగిన హోటల్లో ఇలాగే పెట్టారని, చూస్తే మనసు చల్లబడుతుందని చెప్పి, దాన్ని చుట్టాల కోసం ఉంచిన స్నానాలగదిలో, సబ్బుసీసాల పక్కన పెట్టించింది. పెట్టింది అక్క చేతులతోనే.

మర్నాటి నుంచి అక్క ఆ గది కడిగి, వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికి వచ్చేది. పిల్లలు ఆమెను అనుకరిస్తూ వెనక్కి నడిచేవారు. నీకు నాకంటే అరబ్బీ బాగా వచ్చు, నువ్వే మామాకు చెప్పి ఆ తలను హాల్లో ఎత్తుమీద పెట్టించమని అక్క నన్ను బతిమాలింది. మామా తీరిగ్గా ఉన్నప్పుడు చూసి చెప్పాను. ఆమె కోపం తెచ్చుకోలేదు.

“అక్కడ అది గుడి, చెప్పులు విప్పాను. ఇది నా ఇల్లు. హాల్లో ఎత్తుమీద పెడితే పూజకు పెట్టినట్టుంటుంది, అది మాకు హరామ్. ఇక్కడైతే అలంకారం, అంతే.”

ఆమె వైపు నుంచి చూస్తే అదీ సబబే.

ఆ గది పని నేను తీసుకుని, అక్కకు వంట అప్పగించాను. బుద్ధుడి మొహానికి వేరే గుడ్డ పెట్టుకుని తుడిచేదాన్ని. కానీ చుట్టాలొచ్చిన రోజున ఎవరో ఒకరు తడి తువ్వాలు ఆ తలమీదే వేసేవారు. నేను తీసేదాన్ని. మళ్లీ పోయి చూస్తే ఇంకొకటి. ఈ సంగతి అక్కకు చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

ఊరికి పోయేటప్పుడు ఆ తలను తనకిచ్చెయ్యమని అక్క మామాను అడుగుదామనుకుంది. అంతలో మామా వాళ్లమ్మ వచ్చింది. చేతులు కడుక్కోవడానికి ఆ గదిలోకి పోయి, గట్టిగా పిలిచింది. బొమ్మలున్న ఇంట్లోకి దేవదూతలు అడుగుపెట్టరని, తను భోజనానికి కూచునేలోగా అది బయటికి పోవాలని అంది. మామా డ్రైవరును పిలిచింది.

డ్రైవరు మా రాజంపేట వైపు మనిషి. నేను గేటు దాకా పరిగెత్తి, శుక్రవారం మాకు సెలవని, అందాకా బండి డిక్కీలో దాచిపెట్టమని అడిగాను.

“ముసలామె కిటికీలో నిలబడి చూస్తాంది కదమ్మే. నా ఇఖామా వాళ్ల చేతిలో ఉంది, రద్దు చేస్తే ఈ దేశంలో ఉండనీరు. నేనేం చేసేది?” అన్నాడు. మొహం చిన్నబోయింది పాపం.

చెత్తసంచులు పారేసే వంకతో నేనూ అక్కా వీధి చివరి ఇనపతొట్టి దగ్గరికి పోయాం. మిట్టమధ్యాహ్నం. ఇనుము చెయ్యి పెట్టనీయడం లేదు. తల అడుగున, పుచ్చకాయ తొక్కల మధ్య, మొహం పైకి పెట్టి పడివుంది. చెవి ఒకటి విరిగింది. వంగినా అందలేదు. నేను లోపలికి దిగుతానన్నాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“వద్దు. నీ కాళ్లు ఆయన తలమీదికి వస్తాయి.”

పైకి తీసినా యాడ పెడతామని తనే అడిగింది. మా ఇద్దరికీ ఆ ఇంట్లో ఉన్నది ఒక్క గది, ఒక్క బీరువా. ముసలామె కళ్లబడితే అక్కతో పాటు నన్నూ పంపించేస్తారు. అక్క చెయ్యి సాచి అందినంతవరకు తొక్కలు పక్కకు నెట్టింది. భుజం మీది తెల్లగుడ్డ తీసి మొహం మీద పడేలా వదిలింది. అది సరిగ్గా పడలేదు. సగం మొహం బయటే ఉండిపోయింది. ఇంట్లోంచి పిలుపు వస్తే ఇద్దరం లోపలికి నడిచాం.

సాయంత్రం అక్క కళ్లు వాచి ఉండడం మామా గమనించి, మీవాళ్లెవరైనా పోయారా అని నిజంగానే దిగులుగా అడిగింది. ఎవరూ పోలేదు మామా, అంది అక్క. అయినా రేపు మధ్యాహ్నం పని మానేసి పడుకోమంది మామా.

మర్నాడు మధ్యాహ్నమంతా అక్క పడుకోలేదు. వంటింట్లో నా పక్కన కూచుని ఉల్లిపాయలు ఒలిచింది. ఏదో ఒకటి మాట్లాడదామని రెండుమూడుసార్లు నోరు తెరిచాను. నాకు వచ్చిన అరబ్బీలో దానికి మాటలు దొరకలేదు.